చెవులయ్యకి ఆఖరి పాఠం

పోయినవారం మనం బాబాయ్‌ని మేకప్ గది తలుపు బయట, చేతిలో చల్లారిపోయిన టీ గ్లాసుతో వదిలేసి వచ్చాం. లోపలి నుంచి వినబడ్డ మాట మీకు గుర్తుండే ఉంటుంది. కొత్త కంపెనీ తరఫున ఒక పెద్దమనిషి వచ్చాడు కదా. పూసుకున్న సెంటు ముందు నడిస్తే తను వెనకాల వస్తాడు కాబట్టి అందరూ ఆయన్ని సెంటాయన అంటారు. ఆయన, "మీ గొంతు మాకు కావాలండీ. ఆ చెయ్యితో మాకు పన్లేదు," అన్నాడు. లోపలున్న ఆవిడ, "ఆలోచించుకుని చెప్తాను," అంది. కాదనలేదు. అదే బాబాయ్‌కి ముల్లయి గుచ్చుకుంది.

ఈ వారమే చదవడం మొదలెట్టినవాళ్ళకి రెండు ముక్కలు. చెవులయ్య అంటే మనిషి కాదు, గాడిద. గుడ్డతో కుట్టిన చేతిబొమ్మ. నెలనెలా చందా కడితేనే వచ్చే పిల్లల చానెల్ ఒకటుంది. అందులో రోజూ సాయంత్రం బల్ల మీదకి తల పెట్టి, ఏమీ తెలియనట్టు మొహం పెట్టడం చెవులయ్య ఉద్యోగం. పిల్లలు ఫోన్లు చేసి వాడికి అన్నీ నేర్పిస్తారు. ఏ చెప్పు ఏ కాలికి తొడగాలి, తుమ్మొస్తే ఏం చెయ్యాలి, చెల్లి బొమ్మ విరగ్గొట్టి దొరక్కుండా ఎలా ఉండాలి. ఆ గాడిద లోపలున్న చెయ్యి బాబాయ్‌ది. గొంతు ఆవిడది. స్టూడియో ఫ్లోరు మీద అందరికీ ఆయన బాబాయ్, ఆవిడ అక్కయ్య. ఆ లెక్కన వాళ్ళిద్దరూ ఒకరికొకరు ఏమవుతారో ఎవరూ తేల్చలేదు. వాళ్ళూ తేల్చుకోలేదు.

ఇవాళ చానెల్‌కి ఆఖరి రోజు. సాయంత్రం చెవులయ్య లైవ్ అయిపోగానే తెర మీద ఒక నోటీసు వస్తుంది. దాని తర్వాత ఇంకేమీ రాదు.

బాబాయ్ పొద్దున్నే నిద్రలేని కళ్ళతో వంటింట్లోకి వచ్చాడు. ఆయన పెళ్ళి చేసుకోలేదు. అక్కాబావల ఇంట్లో వీధివైపు గదిలో ఉంటాడు. అక్క గిన్నెలు తోముతోంది. బావ పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏరా, మొహం అలా వేలాడేశావ్?" అంది అక్క.

"నా మొహం ఎప్పుడూ ఇంతే."

"ఎప్పుడూ వేలాడేది జానెడు. ఇవాళ బారెడుంది."

పేపరు వెనక నుంచి బావ అందుకున్నాడు. "చానెల్ మూసేస్తున్నారు కదే. పాపం, రేపటి నుంచి బావమరిది చెయ్యి ఖాళీ."

"ఖాళీ అయితే గిన్నెలున్నాయి, తోముతాడు. చానెల్ మూస్తారని ఎప్పట్నించో తెలుసు. ఇది చానెల్ తెచ్చిన మొహం కాదు." అక్క చేతులు తుడుచుకుంటూ వెనక్కి తిరిగింది. "ఆవిడేమన్నా అందా?"

"ఏ ఆవిడ?"

"ఆహా! ఎంతమంది ఉన్నార్రా నాయనా నీకు, ఏ ఆవిడ అని అడగడానికి!"

బావ చేతిలో పేపరు వణికింది. మనిషి బయటికి నవ్వడు, పేపరు నవ్వుతుంది.

బాబాయ్ చెప్పులు వెతుక్కున్నాడు. "గొంతు ఒక్కటీ చాలట వాళ్ళకి. గాడిదని కంప్యూటర్లో గీసుకుంటారట. గొంతు వెళ్ళిపోయాక ఈ గుడ్డ గాడిద ఏం చెయ్యాలే?"

"తన్నాలి," అంది అక్క. "నోరు లేకపోయినా గాడిదకి కాళ్ళుంటాయి. నీకు అవీ లేవు. ఇన్నేళ్ళబట్టీ ఒక్క మాట అడగడానికి నోరు పెగల్లేదు. ఇప్పుడెవడో వచ్చి తన పని తను అడుక్కుంటే కుళ్ళిపోతావెందుకురా?"

బాబాయ్ చెప్పులు తొడుక్కుని గుమ్మం దిగాడు. జవాబు చెప్పకపోవడంలో ఆయన్ని మించినవాడు లేడు.

చానెల్ బిల్డింగు ముందు లారీ ఆగి ఉంది. కుర్చీలు ఎక్కిస్తున్నారు. లిఫ్టు తలుపుల మీద చెవులయ్య బొమ్మ ఉండేది. తలుపులు తెరుచుకుంటే ఒక చెవి ఇటూ, ఒక చెవి అటూ పోయేది. అది చూడ్డానికే పిల్లలు పైకీ కిందకీ తిరిగేవాళ్ళు. ఇప్పుడొక పనివాడు దాన్ని బ్లేడుతో గీకుతున్నాడు. ఒక చెవి అప్పటికే పోయింది. రెండోది పోవడం చూడాల్సిన అవసరం తనకి లేదనుకుని బాబాయ్ మెట్ల వైపు తిరిగాడు.

ఒకప్పుడు ఆయన సోఫాలకి గుడ్డలు కుట్టేవాడు. ఆరో తరగతిలో చదువు మానేశాడని ఇంట్లోవాళ్ళు అంటారు. ఆయన మానలేదు. మాస్టారు "గాడిదా, బయటికి నడు" అన్నాడు. నడిచాడు. మళ్ళీ లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, అంతే. ఏళ్ళు గడిచాక ఒక చిన్నపిల్లల బడిలో సోఫా బాగుచెయ్యమని పిలిచారు. బడి నడిపేది టీచరమ్మ. ఆ రోజు ఒక పిల్ల, అమ్మ వదిలేసి వెళ్ళిందని ఒకటే ఏడుపు. ఎత్తుకున్నా ఆపదు, దించినా ఆపదు. బాబాయ్‌కి చెవులు చిల్లులు పడ్డాయి. సోఫా చేతికని కుట్టిన తొడుగు ఉంటే దాన్ని తన చేతికి తొడుక్కుని, మిగిలిన పేలికలు రెండు చెవుల్లాగా గుచ్చి, ఆ పిల్ల ముందుకి చాచాడు. నోటితో ఏమీ అనలేదు. ఆ గుడ్డ తొడుగు పిల్లని ఎగాదిగా చూసింది. పిల్ల ఏడుపు మింగి, "దీనికి ముక్కు చీదడం వచ్చా?" అంది. రాదన్నట్టు తొడుగు తలూపింది. ఇంకేముంది, పిల్ల నేర్పించడానికి కూర్చుంది. గుమ్మంలో నించుని టీచరమ్మ మొత్తం చూసింది.

టీచరమ్మకి పట్టుదల జాస్తి. టైల్స్ దుకాణం మీద అద్దె హాలు తీసుకుని చానెల్ పెట్టింది. ప్రకటనలుండవు, పిల్లలకి బూట్లూ బిస్కెట్లూ అమ్మేది లేదు, చూసే ఇంటివాళ్ళే చందా కట్టాలి అంది. కేబులువాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారు. "ఊరికే చూపిస్తేనే చూడరు టీచరమ్మా, ఎదురు డబ్బిచ్చి గాడిదని చూస్తారా?" అన్నారు. చూశారు. చెవులయ్యని పెట్టిస్తేగానీ పాలు తాగమని పిల్లలు మొండికేస్తే, తండ్రులు తిట్టుకుంటూ వెళ్ళి కట్టారు. పళ్ళ డాక్టర్లు వెయిటింగ్ గదుల్లో పెట్టించుకున్నారు. కింద దుకాణంలో టైలు కోసే మిషను మొదలైతే పైన షూటింగ్ ఆపి టీ తాగిన రోజులు పోయాయి. సొంత బిల్డింగు లేచింది. గేటు దగ్గర సలాం కొట్టే మనిషొచ్చాడు.

తర్వాత వీడియోలు ఆడే ఫోన్లొచ్చాయి. ఏడిచే పిల్లాడి చేతిలో ఫోను పెడితే నోరు మూస్తాడు, అదీ ఊరికే. ఊరికే వచ్చేదానితో ఎవడు నెగ్గుకొస్తాడు? టీచరమ్మ మోకాళ్ళు అరిగాయి, చందాలు అరిగాయి. చివరికి సెంటాయన వాళ్ళ పెద్ద కంపెనీకి అమ్మేసింది. వాళ్ళొచ్చిన రోజున అందరినీ హాల్లో నిలబెట్టి, మనమంతా ఒక కుటుంబం అన్నారు. పెద్దవాళ్ళు మనల్ని కుటుంబం అన్నారంటే మూట సర్దుకోమని అర్థం అని బాబాయ్ ఆ రోజే అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. అక్కడ ఆయన చేతికున్న విలువ నోటికెప్పుడూ లేదు.

మూడో అంతస్తులో చివర కుట్టు గది. కిటికీ పక్కన మిషను, గోడకి తగిలించిన పాత చెవులయ్యలు. రంగు వెలిసినవీ, దవడ అరిగినవీ. ఇవాళ్టికని బాబాయ్ కొత్త చెవి ఒకటి కుట్టాడు. దారం పళ్ళతో కొరుకుతుండగా వెనక చెప్పుల చప్పుడైంది. ఎవరిదో చూడక్కర్లేదు.

"మీతో మాట్లాడాలండీ," అంది ఆవిడ.

బాబాయ్ చెవులయ్యని తీసి చేతికి తొడుక్కున్నాడు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఆ ఫ్లోరు మీద ఒక కట్టడి ఉంది. చెవులయ్య ఎవరి చేతికుంటే వాళ్ళు నోరు విప్పకూడదు. టైల్స్ దుకాణం మీదున్న రోజుల్లో ఒక పిల్లాడు చూడ్డానికొచ్చాడు. అదే సమయానికి వైరు తట్టుకుని బాబాయ్ ఒక తిట్టు తిట్టాడు. గాడిద తల కదులుతోంది, బండగొంతు తిట్టు వినబడుతోంది. పిల్లాడు జడుసుకుని ఇంటికి వెళ్ళేదాకా ఏడిచాడట. ఆ సాయంత్రమే టీచరమ్మ కట్టడి పెట్టింది. అందరికీ అదొక నియమం. బాబాయ్‌కి మాత్రం వరం. ఆఫీసులో ఎవరన్నా సంజాయిషీ అడగడానికొస్తే గాడిదని తొడుక్కునేవాడు. వచ్చినవాళ్ళు గాడిదకి నాలుగు మాటలు చెప్పుకుని పోయేవాళ్ళు.

"అదిగో, తొడిగేశారు," అంది ఆవిడ. స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది. "సరే. మీతో కాదు. నాకు వాడితోనే పని."

ఇన్నేళ్ళలో ఇద్దరూ ఒకరినొకరు మీరు అనడం మానలేదు. గాడిదనైతే ఆవిడ నువ్వే అంటుంది.

"ఏరా చెవులయ్యా, మీ మామ నా మీద ఎందుకురా మూతి ముడుచుకున్నాడు?"

చెవులయ్య మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

ఆవిడ గొంతు మార్చింది. జలుబు చేసిన పిల్లాడు మంచం కింద దాక్కుని మాట్లాడినట్టుంటుంది ఆ గొంతు. "నాకేం తెలుసు? నేను గాడిదని కదా," అన్నాడు చెవులయ్య.

"నిన్న తలుపు దగ్గర నిలబడి విన్నాడా?"

చెవులయ్య నేల చూపులు చూశాడు.

"విన్నాడు. టీ కూడా తాగలేదు," అంది ఆవిడే, గాడిద గొంతుతో.

"వింటే మొత్తం వినాలి కదరా. సగం విని జారుకుంటే ఎలా? నేను వెళ్ళిపోతున్నాననీ, మీ మామ ఒక్కడే మిగిలిపోతున్నాడనీ అనుకుంటున్నాడా?"

చెవులయ్య ఒక చెవి కిందకి వాలింది. ఆ చెవి వాల్చడం బాబాయ్ అనుకుని చేసింది కాదు. కొత్త చెవి, చిటికినవేలు ఇంకా అలవాటు పడలేదు.

"అనుకుంటున్నాడు," అన్నాడు చెవులయ్య.

ఆవిడ ఒళ్ళో చేతులు పెట్టుకుంది. ఈసారి తన గొంతుతోనే, నెమ్మదిగా చెప్పింది. "నేనూ అక్కర్లేదురా వాళ్ళకి. నన్నొక గదిలో కూర్చోబెడతారట. నవ్వమంటారట, ఏడవమంటారట, దగ్గమంటారట. ఉన్న మాటలన్నీ చదివిస్తారట. నెలో రెండు నెలలో. ఆ తర్వాత మిషనే నా గొంతుతో మాట్లాడుతుందట. ఏ పిల్ల ఏమడిగినా అప్పటికప్పుడు జవాబు చెప్తుందట. నేను శుభ్రంగా ఇంటికి పోవచ్చట."

చెవులయ్య తలెత్తాడు. ఆవిడ వైపు అలాగే చూస్తూ ఉండిపోయాడు. ఆ చూపుకి ఆవిడ చెవులయ్య గొంతు కలపలేదు. ఇన్నేళ్ళలో ఆ గాడిద చూపుకి ఆవిడ దగ్గర మాట లేకపోవడం అదే మొదలు.

"ఈ పని నాకు కొత్త కాదు," అంది. "ఇక్కడికి రాకముందు రైల్వేలో అనౌన్స్‌మెంట్లు చెప్పేదాన్ని కదా. పెళ్ళికాకముందు సంగతి. అప్పుడు రికార్డు చేసుకున్నవి ఇప్పటికీ వేస్తారు. ఏ బండి ఆలస్యమైనా రోజూ నేనే చింతిస్తుంటాను."

చెవులయ్య భుజాలు కదిలాయి. ఆవిడకీ నవ్వొచ్చింది, కానీ ఎక్కువసేపు ఉండలేదు.

"మా ఆయన పోయినప్పుడు నేను పొరుగూళ్ళో ఉన్నాను. కబురు తెలిసి బండెక్కి వచ్చాను. ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టానో లేదో, పైన నా గొంతే. ప్రయాణికులకు స్వాగతం అంటోంది. అబ్బ, ఎంత హాయిగా అంటోందో! కింద నాకు కాళ్ళు ఆడట్లేదు. పైన అది నవ్వుతూ స్వాగతం చెప్తోంది. దానికేం తెలుసు? చెప్పినప్పుడు నాకు ఇరవయ్యేళ్ళు కూడా లేవు."

కిటికీ బయట లారీవాళ్ళు ఏదో బీరువా దించుతూ పట్టు, పట్టు అని అరుస్తున్నారు.  ఆవిడ భర్త పోయాడని బాబాయ్‌కి తెలుసు. ఈ సంగతి తెలీదు. చెవులయ్యని ముందుకి వంచి, ఆ గుడ్డ మూతిని ఆవిడ మోచేతి మీద ఆనించాడు. ఆవిడ వద్దనలేదు. అలాగే ఉండనిచ్చింది.

"మరైతే వద్దని చెప్పెయ్యకూడదా?" అన్నాడు చెవులయ్య. అన్నది ఆవిడే. కానీ తల అడ్డంగా ఊపింది బాబాయ్.

"ఇది నీ మాటా, మీ మామ మాటా?"

చెవులయ్య కదల్లేదు.

"నువ్వు ఊపితే చాలదురా. నువ్వు గాడిదవి, ఎవరేం చెప్పినా ఊపుతావు. నేను కాదంటే ఇవాళ్టితో నువ్వు లేవు. ఔనంటే ఏదో ఒక రూపాన ఉంటావు. పిల్లలు పిలిస్తే పలుకుతావు. పలికేది మిషనని వాళ్ళకి తెలీదు. అది మంచో చెడో నాకు అంతు చిక్కట్లేదు. నీలో సగం నేను, సగం ఆయన. అడగాలంటే నాకు ఆ ఒక్క మనిషే ఉన్నాడు. ఆయనేమో నిన్ను అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు." ఆవిడ చూపు చెవులయ్య మీది నుంచి పైకి లేచి, బాబాయ్ మొహం మీద ఆగింది. "ప్రోగ్రాం అయ్యేలోపు చెప్పమన్నారు. సంతకం పెట్టాల్సిన కాగితం ఆ సెంటాయన జేబులోనే ఉంది. మీ నోటితో ఒక్క మాట అనండి. పొమ్మనండి. వద్దనండి. పోనీ తిట్టండి. మీరేదంటే అదే నా మాట."

బాబాయ్ రెండు మాటలూ లోపలే తూచి చూశాడు. వద్దంటే, తన స్వార్థం కోసం చెవులయ్యని చేజేతులా చంపినట్టు. పొమ్మంటే, ఆవిడని తనే గుమ్మం దాటించినట్టు. అసలు తను చెప్పదలుచుకున్న మాట ఈ రెంటిలో ఏదీ కాదు. దానికి గాడిదతో సంబంధమే లేదు. ఎడమ చేత్తో గాడిద మెడ పట్టుకుని తీయబోయాడు.

తలుపు దబదబా మోగింది. ఫ్లోర్ మేనేజరు తల లోపలికి పెట్టాడు. "అక్కయ్యా, బాబాయ్, రిహార్సల్‌కి రండి! లైట్లు కూడా విప్పుకుపోతారట వెధవలు, మనం కానిచ్చేదాకా ఆపాను. త్వరగా!"

ఆవిడ లేచింది. వెళ్తూ చెవులయ్య కొత్త చెవిని వేళ్ళతో సవరించింది. "బాగా కుట్టారు," అంది, మీరనే అంది, వెళ్ళిపోయింది.

బాబాయ్ తనని తనే ఒక తిట్టు తిట్టుకున్నాడు. గాడిద చేతికి ఉండగానే.

సాయంత్రం ఫ్లోరంతా నిండింది. ఎడిటింగువాళ్ళు, డ్రైవర్లు, గేటు దగ్గరి మనిషి, అందరూ గోడవార నిలబడ్డారు. టీచరమ్మ చేతికర్రతో వచ్చి వెనక కుర్చీలో కూర్చుంది.  తలుపు దగ్గర సెంటాయన. వీడ్కోలు మాట ఎత్తొద్దని పైనుంచి ఆర్డరు. రోజూలాగే కానిచ్చెయ్యాలట. పిల్లలకి చెప్పకుండా పోతే బాధ తెలీదట. ఇలాంటి ఆలోచనలు చదువుకున్న బుర్రలకే తడతాయి.

బాబాయ్ బల్ల కింద తన పీట మీద కూర్చున్నాడు. ఎదురుగా చిన్న టీవీ, అందులో పైన చెవులయ్య. చెవులకి హెడ్‌ఫోన్లు. ఎడమ పక్క అద్దాల గదిలో ఆవిడ. బల్ల అడుగున ఒక చిన్న మైకు ఉంటుంది. చెవులయ్య గిట్టల చప్పుడు కోసం బాబాయ్ అక్కడ చెక్క మీద తట్టాలి. అది తప్ప ఆ మైకులోకి ఆయనెప్పుడూ ఏ చప్పుడూ పంపలేదు.

ఎర్ర లైటు వెలిగింది.

ముందొక పిల్లాడు ఈల వెయ్యడం నేర్పించాడు. వాడికి ముందు పళ్ళు రెండూ ఊడాయి. ఈల రాలేదు, గాలీ తుంపర్లూ వచ్చాయి. చెవులయ్య తుడుచుకుని, "ఈలంటే తడిగా ఉంటుందన్నమాట," అన్నాడు. గోడవార అందరూ నవ్వారు. ఇంకో పిల్ల, ఇష్టంలేని కూర కంచం అంచు కిందకి ఎలా తోసెయ్యాలో చెప్పింది. వెనక నుంచి వాళ్ళమ్మ, "ఓసి నీ తెలివి తగలెయ్యా, అదా నువ్వు చేసేది!" అని అరవడం లైవ్‌లో వినబడింది. టీచరమ్మ కూడా నవ్వింది. కాసేపు అది ఆఖరి రోజులా అనిపించలేదు. ఆవిడ గొంతు, బాబాయ్ చెయ్యి ఒక్క ఒంట్లోవే అయినట్టు నడిచాయి.

"ఇంకొక్క ఫోను," అని ఫ్లోర్ మేనేజరు వేలు చూపించాడు.

"హలో," అంది ఒక చిన్న గొంతు. ఎవరో వినకుండా మాట్లాడుతున్నట్టుంది. "చెవులయ్యా, నేను నేర్పించడానికి చెయ్యలేదు."

"మరేంటి సంగతి, పాపా?"

"నువ్వు ఇవాళే ఆఖరని మా నాన్న అన్నాడు. నిజమేనా? రేపు నువ్వెక్కడుంటావు?"

బాబాయ్ చెవులయ్య తలని పక్కకి వంచి, ఆవిడ మాట కోసం ఆగాడు. రాలేదు. హెడ్‌ఫోన్లలో కుర్చీ జరిగిన చప్పుడు, ఆ తర్వాత ఏమీ లేదు. చెవులయ్య చేత ఒక చెవి గోకించాడు. ఇంకో చెవి గోకించాడు. తల తిప్పి ఎడమ పక్కకి చూశాడు. అద్దాల గదిలో ఎవరూ లేరు. తలుపు తీసి ఉంది.

ఫ్లోర్ మేనేజరు రెండు చేతులూ సాగదీసి, లాగు, ఇంకాస్త లాగు అని సైగ చేస్తున్నాడు. ఏం లాగుతాడు? బాబాయ్ గిట్టలు తట్టాడు. గాడిద మూతిని బల్ల మీద ఆనించాడు.

"చెవులయ్యా?" అంది పిల్ల. "మాట్లాడవేం?"



"కోపమొచ్చిందా? అడక్కూడదా? నేనేమన్నా తప్పు చేశానా?" పిల్ల గొంతు సన్నగా వణికింది. "నా వల్లేనా నువ్వు వెళ్ళిపోతున్నావు?"

బాబాయ్‌కి కట్టడి గుర్తు రాలేదు. టీచరమ్మ గుర్తు రాలేదు. పీట మీద నుంచి ముందుకి వంగి, గిట్టల మైకుకి నోరు ఆనించాడు.

"లేదు తల్లీ. నీ తప్పేం లేదమ్మా. నువ్వేం చెయ్యలేదు."

ఆ బండగొంతు స్టూడియో అంతా మోగింది. ఇళ్ళన్నిట్లోనూ మోగింది. గోడవార ఎవరో "అయ్యో" అన్నారు. సెంటాయన రెండడుగులు ముందుకేశాడు. అడ్డంగా టీచరమ్మ చేతికర్ర లేచింది. ఆయన ఆగిపోయాడు.

ఫోనులో పిల్ల ముక్కు ఎగపీల్చింది. ఏడుపైతే ఆపింది. తర్వాత అనుమానంగా అడిగింది.

"ఇది చెవులయ్య గొంతు కాదు. నువ్వెవరు?"

బల్ల కింద నుంచి చూస్తే కెమెరా పక్కన ఆవిడ కనబడింది. చేతిలో సెంటాయన కాగితం. మడత విప్పి ఉంది, సంతకం ఇంకా పెట్టలేదు. పెన్ను మూత తీసి ఉంది. ఆవిడ కాగితం వైపు చూడట్లేదు. బల్ల కింద చీకట్లోకి, సరిగ్గా ఆయన కళ్ళలోకి చూస్తోంది.

"చెప్పు మరి. ఎవరు నువ్వు?" అంది పిల్ల మళ్ళీ.

బాబాయ్ హెడ్‌ఫోన్లు తీసి పీట మీద పెట్టాడు. గాడిదలోంచి చెయ్యి వెనక్కి లాగేసుకున్నాడు. పైన బల్ల మీద, పిల్లలందరూ చూస్తుండగా, చెవులయ్య మెత్తగా ఒక పక్కకి ఒరిగిపోయాడు. ఫ్లోర్ మేనేజరు రెండు చేతులతో కళ్ళు మూసుకున్నాడు. ఎర్ర లైటు ఇంకా వెలుగుతూనే ఉంది.

బాబాయ్ బల్ల అంచు పట్టుకుని, మోకాళ్ళు కటకటమంటుంటే, మెల్లగా లేచి నిలబడ్డాడు.